దేవదానం గారి సన్నతరుగు

భిలాయి వెళ్ళొచ్చానంటే మా వీధిలో అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: "అక్కడ చూడ్డానికేముంది మాస్టారూ?" ఉక్కు కర్మాగారం ఉంది, చెట్ల నీడన వరసగా క్వార్టర్లు ఉన్నాయి, రోడ్లు మన రోడ్ల కంటే వెడల్పు. నేను వెళ్ళింది వాటికోసం కాదు, పొగాకు కోసం. బయల్దేరేటప్పుడు ఈ మాట చెబితే మా మరదలు పకపకా నవ్వింది. తిరిగొచ్చాక జరిగింది చెబుతుంటే అదే మనిషి చేతిలో కాఫీ చల్లారిపోయినా తాగలేదు.

విజయనగరంలో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. ముప్ఫై ఏళ్ళుగా పైపు కాలుస్తున్నాను. పైపు కాల్చేవాళ్ళకి పొగాకు ఎలా తరిగారన్నది ఎంత పెద్ద విషయమో బయటివాళ్ళకి చెప్పడం కష్టం. ముతక తరుగైతే వేళ్ళతో నలపాలి, ఆరబెట్టాలి, అగ్గిపుల్ల మీద అగ్గిపుల్ల గీయాలి. వెంట్రుకంత సన్నగా తరిగిందైతే చిటికెడు తీసి పైపులో వదులుగా వేస్తే చాలు, ఒక్క పుల్లకి అంటుకుంటుంది. మొదటి పీల్పులోనే తన రుచంతా చెప్పేస్తుంది. కాకపోతే దానికి తొందర పనికిరాదు. గబగబా లాగితే నాలుక కాలుతుంది. వేడి పాలు చప్పరించినట్టు కొంచెం కొంచెంగా పీల్చాలి. ఆ నెమ్మది కోసమే మాలాంటివాళ్ళు దానికి దాసులమైపోతాం.

అలాంటి సన్నతరుగు నాకు చాలా ఏళ్ళుగా భిలాయి నుంచి వచ్చేది. మా పక్కింటి అప్పలరాజు రైల్వేలో గార్డు. వాళ్ళ బంధువులు భిలాయిలో ఉన్నారు. వెళ్ళినప్పుడల్లా అక్కడి పవర్ హౌస్ రైల్వే స్టేషన్లో ఒక బెంగాలీ పెద్దమనిషి ఇచ్చే పొట్లం నాకు తెచ్చిపెట్టేవాడు. "ప్లాంట్లో ఫోర్మన్‌గా చేసిన దేవదానం గారని ఉన్నారట, ఆయనే స్వయంగా తరుగుతారట" అని చెప్పేవాడు. అంతకుమించి అతనికీ తెలీదు. పోయిన నెల పొట్లం ఇచ్చిన వారానికే అప్పలరాజుకి బదిలీ అయింది. సరే, నేనే వెళ్తాను, ఆ చేతులు ఒకసారి చూసి దణ్ణం పెట్టి వస్తాను అనుకున్నాను.

రాయగడ దాటాక

పార్వతీపురం దాకా బోగీ నిండా తెలుగే. రాయగడ దాటాక ఒడియా, ఆపైన హిందీ, ఖరియార్ రోడ్ వచ్చేసరికి ఛత్తీస్‌గఢీ. కొండల మధ్య సొరంగాల్లోంచి రైలు పోతుంటే అలవాటుగా ఖాళీ పైపు నోట్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తున్నాను. ఎదుటి సీట్లో కూర్చున్నావిడ వేలు చూపించి, "అంకుల్, ట్రైన్‌లో స్మోకింగ్ మనా హై" అని, రైల్లో పొగ తాగకూడదని గదమాయించింది. పైపు తలకిందులు చేసి చూపించాను. ఒక్క రేణువు కూడా రాలలేదు. ఆవిడ నవ్వి, డబ్బా తీసి చేతిలో రెండు ఠేఠరీలు పెట్టింది.

ఠేఠరీ అంటే శనగపిండితో చేసే చిరుతిండి. మన జంతికకి వరసకి అక్క అవుతుంది, మనసు మాత్రం రాయి. మొదటి ముక్కకే నా దవడపంటిలో డాక్టరు పెట్టిన సిమెంటు ఊడి అరచేతిలోకి వచ్చింది. ఆవిడ కంగారుపడి నీళ్ళిచ్చింది. మహాసముంద్‌లో అంగన్‌వాడీ టీచరట. వేసవిలో వాళ్ళు బోరే బాసీ తింటారట: రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచి, పొద్దున్నే ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకోవడం. "మా చద్దన్నమే కదమ్మా అది!" అంటే, ఆంధ్రావాళ్ళు కూడా తింటారా అని ఆవిడ ఆశ్చర్యపోయింది.

ఏ పని మీద వెళ్తున్నారని అడిగింది. చెప్పాను. ఆవిడ ముఖం మారింది. "మా పల్లెల్లో ఇంట్లో బియ్యం లేకపోయినా గుడాకు మాత్రం ఉంటుంది అంకుల్" అంది హిందీలో. గుడాకు అంటే ఏమిటో అప్పటికి నాకు తెలీదు. అడిగేలోగా ఆవిడ దిగాల్సిన ఊరొచ్చింది.

ఖుర్సీపార్

భిలాయిలో బస అప్పలరాజు పెద్దమ్మ నూకాలమ్మ గారింట్లో. ఖుర్సీపార్ ఇరుకు సందుల్లో నడుస్తుంటే ఒక గుమ్మంలో శ్రీకాకుళం యాస, పక్క గుమ్మంలో హిందీ. నూకాలమ్మ గారి మనవలు నాతో తెలుగులో మొదలుపెట్టి, రెండో వాక్యానికే హిందీలోకి జారుకునేవారు.

పొద్దున్నే లేచి బయటికొస్తే ఆవిడ మెట్టు మీద కూర్చుని, చిన్న రేకు డబ్బాలోంచి నల్లటి ముద్ద వేలితో తీసి పళ్ళకి రుద్దుతోంది. కళ్ళు సగం మూసి, ఎంతో హాయిగా, చాలాసేపు రుద్దుతోంది.

"పళ్ళపొడా అమ్మా?" అన్నాను.

"గుడాకు బాబూ. పొగాకు, బెల్లం మడ్డి కలిపి సేస్తారు. ఇది రుద్దకపోతే నాకు పొద్దు పొడవదు." నా ముఖం చూసి నవ్వింది. "ఏటి అలాగ సూస్తన్నావు? మా రాజాం దగ్గిరున్నప్పుడు అడ్డపొగ తాగీదాన్ని. సుట్ట నిప్పు నోట్లోకెట్టుకుని. ఇక్కడికొచ్చినాక కోడలు సిగ్గనీసి మానిపించీసింది. ఇదయితే ఎవులికీ అగుపడదు కదా."

తర్వాత సందు చివర కొట్టుకి పోహా తినడానికి వెళ్ళాను. మనం అటుకులు ఉప్మాలా చేసుకునేదాన్నే వాళ్ళు పైన సన్న కారప్పూస చల్లి, పక్కనే వేడి జిలేబీ పెట్టి ఇస్తారు. ఇరవై రూపాయలకి కడుపు నిండింది. కారం, తీపి ఒకే కాగితంలో కలిసిపోతే మొదట మనసొప్పలేదు. రెండోసారి నేనే అడిగి వేయించుకున్నాను. తింటుండగా ఒకావిడ వచ్చి పాల పాకెట్టు, గుడాకు డబ్బా కలిపి అడిగింది. కొట్టువాడు రెండూ ఒకే చేత్తో అందించాడు, ఉప్పూ పప్పూ ఇచ్చినట్టు. జిలేబీ నా చేతిలోనే ఉండిపోయింది. నేనేదో కొండ కొమ్మున కూర్చుని పైపు కాలుస్తున్నాను, వీళ్ళంతా కిందెక్కడో ఉన్నారు అనుకోవడానికి వీల్లేదని, మా అందరిదీ ఒకటే ఆకు అని, ఆ కొట్టు ముందు నిలబడి మొదటిసారి అనుకున్నాను.

దేవదానం గారి గురించి నూకాలమ్మ గారిని అడిగాను. "ఆ కిరస్తానీ ఫోర్మన్ గారా? స్మృతి నగర్ల ఇల్లు కట్టుకున్నారు. ఆయనకి ఒంట్లో బాగోలేదని విన్నాను బాబూ. ఏటో నాకు తెలీదు" అంది.

స్మృతి నగర్

ఇల్లు సులువుగానే దొరికింది. గేటు పక్కన కరివేపాకు చెట్టు, గుమ్మం మీద చిన్న చెక్క శిలువ. తలుపు తీసినావిడకి అరవై అయిదేళ్ళు ఉంటాయి. తెల్లని నేత చీర, బిగించి కట్టిన ముడి. ఆయన భార్య రూతమ్మ గారు. విజయనగరం నుంచి వచ్చిన డ్రాయింగు మాస్టార్నంటే ముఖం విప్పారింది.

"మాది భీమిలి అన్నయ్యగారూ! రండి, రండి. మావోరు సెప్పనేదే మీరొస్తారని."

తెచ్చిన తాండ్ర పొట్లం చేతికిచ్చాను. కూర్చోకముందే, ఎన్నాళ్ళుగానో దాచుకున్న కృతజ్ఞతంతా ఒక్కసారి బయటికొచ్చింది. "మీ వారి చేతి చలవ వల్లే అమ్మా నా సాయంత్రాలు గడుస్తున్నాయి. పోయిన నెల పంపిన పొగాకైతే మరీ సన్నం. పట్టుదారంలా ఉంది."

ఆవిడ తాండ్ర పొట్లం బల్ల మీద పెట్టింది. "ఏ పొగాకు?"

"అదేనమ్మా, ఆయన తరిగి పంపేది..."

"పోయిన్నెలా?"

ఆ రెండు ముక్కలు ఆవిడ అన్న తీరులోనే నేనేదో అనకూడనిది అన్నానని తెలిసింది. అప్పుడే లోపలి గదిలోంచి ఆయన వచ్చారు. పొడుగాటి మనిషి, వెడల్పు భుజాలు. మెడ చుట్టూ, పసిపిల్లలకి చొంగ కారకుండా కడతామే, అలాంటి తెల్లటి గుడ్డ. నన్ను చూసి చేతులు జోడించారు. జేబులోంచి చిన్న టార్చిలైటులాంటి పరికరం తీసి గడ్డం కింద ఆనించారు. పెదాలు కదిలాయి. యంత్రంలోంచి వచ్చినట్టు, ఎత్తూ పల్లం లేని గొంతొకటి వినిపించింది.

"రం-డి. మా-స్టా-రూ."

గుడ్డ అంచు కింద, మెడలో, గుండ్రటి రంధ్రం. ఆయన ఊపిరి అందులోంచి వస్తోంది, పోతోంది. మెల్లగా, గుడ్డ ఒక వెంట్రుకవాసి పైకి లేచి పడుతోంది.

రూతమ్మ గారు నా వైపు చూడలేదు, ఆయన్నే చూస్తోంది. "గొంతు కేన్సరని రాయపూర్‌లో కోసి, గొంతులో మాటొచ్చే పెట్టె తీసీసారు అన్నయ్యగారూ. రెండేళ్ళయింది. ఆరోజు నుంచీ మావోరు పొగాకు ముట్టుకోనేదనుకుంటన్నాను. రోజూ మజ్జాన్నం కేరమ్స్ ఆడతానని సెక్టర్ టూ ఎల్తన్నారు." గొంతు వణకలేదు. అందుకే నాకు భయం వేసింది. ఆయన్నే అడిగింది: "కేరమ్సా అండీ?"

ఆయన పరికరం కిందికి దించేశారు. ఆవిడ లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

సెక్టర్ 2

ఆయన నా మోచెయ్యి పట్టుకుని బయటికి నడిపించారు. ఆటో ఎక్కించారు. దారంతా ఎలాంటి ఘోరం చేశానా అనుకుంటూ కూర్చున్నాను. సెక్టర్ 2లో పాత క్వార్టరొకటి. అందులో ఉండేది సుబోధ్ దాదా. అప్పలరాజు చేతికి నా పొట్లాలు ఇచ్చిన బెంగాలీ ఆయనే. కొడుకు ప్లాంట్లో పని చేస్తున్నాడు కనుక క్వార్టరు ఇంకా ఉంది. వరండాలో ఒక చివర దాదా, ఇంకో ఇద్దరు ముసలివాళ్ళు పైపులు కాలుస్తున్నారు. ఇంకో చివర చాప, చెక్క పలక, కత్తి.

దేవదానం గారు చాప మీద కూర్చున్నారు. బెల్లం నీళ్ళు చిలకరించి, ఈనెలు తీసి, రెండు ఇనప పలకల మధ్య వారాల తరబడి నొక్కిపెట్టిన ఆకు దిమ్మని బయటికి తీశారు. మెడ మీది గుడ్డ పైన ఇంకో గుడ్డ చుట్టుకున్నారు. తరగడం మొదలుపెట్టారు. కత్తి కదులుతున్నట్టే లేదు. పక్కన మాత్రం గోధుమరంగు వెంట్రుకల కుప్ప పెరుగుతోంది. ఇన్నేళ్ళూ చూడాలనుకున్నది కళ్ళముందే జరుగుతుంటే, నాకు దణ్ణం పెట్టాలనిపించలేదు. కత్తి లాక్కోవాలనిపించింది.

"దాదా, ఈయన పక్కన కూర్చుని మీరు పొగ తాగుతున్నారా?" అన్నాను. నా గొంతు నాకే కఠినంగా వినిపించింది.

సుబోధ్ దాదా పైపు నోట్లోంచి తీశాడు. ఆయనది హిందీ కలిసిన తెలుగు. "మేం వద్దన్నాం భాయ్‌సాబ్. నెలరోజులు గేటు తియ్యలేదు. ఎండలో బయట నిలబడ్డాడు. ఏం చేస్తాం? మేం ఆ మూల కూర్చుంటాం, గాలి అటు పోతుంది."

దేవదానం గారు కత్తి పక్కన పెట్టి పరికరం ఆనించారు. ఒక్కో మాటా విడివిడిగా పడింది.

"ముక్కు ఉంది. గాలి రాదు."

నాకు అర్థం కాలేదు. ఆయన తన ముక్కు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపారు. మెడలోని రంధ్రం చూపించారు. ఊపిరి అక్కడినుంచే కనుక ముక్కులోకి గాలి వెళ్ళదు. ఏ వాసనా తెలీదు. మల్లెపూలు, కాఫీ, వానమట్టి, పొగాకు, ఏదీ.

"వీళ్ళని అడుగుతా. ఎలా ఉందని." దాదా వైపు చూశారు. "ఫస్ట్ క్లాస్ అంటాడు. అంతే." మిగతా ఇద్దరి వైపు చూశారు. "ఏక్ నంబర్. అంతే." అప్పుడు చిటికెడు తరుగు నా అరచేతిలో పోశారు. "మీరు చెప్పండి. చాలా ఏళ్ళు కాల్చారు."

ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గాఢంగా పీల్చాను. నిజం చెబుతున్నాను, ప్రతి సాయంత్రం నేను మురిసిపోయిన వాసనే అది. "బాగుందండీ" అన్నాను. "చాలా... చాలా బాగుంది." ఇంకేమీ రాలేదు. ఆయన కళ్ళల్లో ఆశ అలా ఆరిపోవడం చూశాను. నా జన్మలో అంత పనికిమాలినవాణ్ణని ఎప్పుడూ అనిపించలేదు.

గేటు చప్పుడైంది. రూతమ్మ గారు. ఆటో దిగి చరచరా వచ్చింది. వరండా మెట్ల మీద నిలబడి అందర్నీ ఒక్కసారి చూసింది. ముసలివాళ్ళు పైపులు వెనక్కి దాచుకున్నారు.

"రోజూ ఆ మెడలో గొట్టం తీసి కడిగీది నేను. నుసి అడ్డం పడితే ఊపిరాడక సచ్చిపోతారని డాక్టరు సెప్పింది నాతోటి. నాకు తెలీకుండా ఇక్కడ కూసుని ఈ నుసి పీలస్తన్నారా? ఏటండీ, నానేటి పాపం సేసాను?"

ఆయన పరికరం కోసం తడుముకున్నారు. అది చాప మీంచి కిందికి దొర్లింది. నేను తీసి ఇచ్చాను.

"వాసన పోయింది రూతూ. అన్నీ."

ఆవిడ ఆగిపోయింది. "అన్నీ అంటే?"

ఆయన తల వంచుకున్నారు.

"ఆదివారం మెత్తళ్ళ కూరొండుతన్నాను కదా. మీకిష్టమని. బాగుందని బొటనేలు సూపిస్తన్నారు కదా."

ఆయన చాప అంచు నలుపుతున్నారు.

"రెండేళ్ళు?"

తల ఊపారు. అవునని.

ఇద్దరూ ఇంత కాలం ఒకరి కోసం ఒకరు పాట్లు పడ్డారు: ఆవిడ బాధపడకూడదని ఆయన కూర బాగుందన్నారు, ఆయన సంతోషించాలని ఆవిడ వండుతూనే ఉంది. తెలియని ఊరి నుంచి వచ్చిన నేను మధ్యలో నిలబడి ఆ తెర లాగేశాను. పారిపోవాలనిపించింది.

రూతమ్మ గారు చాప మీద, ఆయన ఎదురుగా కూర్చుంది. జన్మలో పొగాకు గిట్టని ఆ మనిషి, చిటికెడు తరుగు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ముందల, వాన పడ్డ గోనె సంచి" అంది. ఆగింది. మళ్ళీ పీల్చింది. "దాని ఎనకాల బెల్లం. అరిసెల పాకం కాదు, అది దాటిపోయి మాడబోయే ముందు వస్తాదే, అది. కూసింత పులుపు ఉంది. ఎండు రేగుపళ్ళు." ఇంకో చిటికెడు తీసుకుంది. "ఆకర్న మీ యూనిఫారం సొక్కా. నైట్ డ్యూటీ నుంచొచ్చి తలుపు ఎనకాల తగిలించీవోరు సూడండి, అది. నలభై ఏళ్ళు ఉతికాను. నాకు తెలీదా ఏటి?"

దేవదానం గారి భుజాలు కదిలిపోయాయి. గొంతు లేని మనిషి నవ్వుతున్నారో ఏడుస్తున్నారో చూసేవాళ్ళకి తెలీదు. ముఖం నిండా నీళ్ళు. ఆవిడ ఆ తరుగంతా తన చేత్తోనే ఒక కాగితంలోకి ఎత్తి, కత్తి తీసి కొంగులో చుట్టుకుంది.

"ఇదే ఆకరు. వాసనలు నేను సెప్తాను. ఇంటికి పదండి."

సుబోధ్ దాదా పైపు బోర్లించి మెట్టు మీద కొట్టాడు. సగం కాలిన పొగాకు కింద రాలింది.

మళ్ళీ స్మృతి నగర్

మర్నాడు మధ్యాహ్నం భోజనానికి రమ్మని రూతమ్మ గారే కబురు చేసింది. తిడుతుందనుకుని వెళ్ళాను. ఆయన వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి, క్రికెట్ కామెంట్రీలా చెబుతోంది.

"నూని కాగింది. ఇంకా ఏటీ రానేదు. ఆవాలు ఏసాను. చిటపటలే, వాసన లేదు. ఉండండి... ఆ, వచ్చింది. ఘాటు. ముక్కు మీద కొట్టింది. ఇప్పుడు ఎల్లుల్లి. పచ్చి కంపు... ఇంకా పచ్చే... తియ్యగా అవుతంది సూడండి."

ఆయన కళ్ళు మూసుకుని వింటున్నారు. ఒకచోట చెయ్యెత్తి ఆపారు. పరికరం ఆనించి, "కరివేపాకు మర్చిపోయావు" అన్నారు. ఆవిడ నాలుక కరుచుకుని గేటు దగ్గర చెట్టుకి పరిగెత్తింది.

వడ్డిస్తూ నా వైపు తిరిగింది. "అన్నయ్యా, మీరొచ్చి నోరు జారడం మంచికే అయ్యింది. కానీ ఊరెల్లిన ఎంటనే గొంతు సూపించుకోండి. మీ ఇంట్లో వదినగారికి కూడా ఈ గొట్టాలు కడిగీ పని పెట్టకండి." కూర బాగుందని చెప్పబోయి ఆగిపోయాను. ఆ మాట ఆ ఇంట్లో అంత తేలిగ్గా అనకూడదనిపించింది.

పవర్ హౌస్ స్టేషన్

పైపు మానేశావా అని చదివేవాళ్ళు అడుగుతారు. వచ్చాక డాక్టరుకి గొంతు చూపించుకున్నాను. ప్రస్తుతానికి ఏమీ లేదన్నాడు, మానెయ్యమన్నాడు. అప్పటినుంచి అంటించలేదు. అంతకంటే గొప్ప మాట రాయడానికి ఇంకా ధైర్యం చాలదు. సాయంత్రమైతే చేతులకి ఏం చెయ్యాలో తోచదు.

భిలాయి నుంచి బయల్దేరిన రోజు నన్ను రైలెక్కించడానికి ఇద్దరూ వచ్చారు. రూతమ్మ గారు పులిహోర పొట్లం ఇచ్చింది. నేను కిటికీ పక్కన కూర్చున్నాక దేవదానం గారు ఊచల దగ్గరికి వచ్చి పరికరం ఆనించారు.

"చెప్పండి మాస్టారూ. ఇక్కడేం వాసన?"

ఈసారి కళ్ళు మూసుకున్నాను. "ఇనుము" అన్నాను. "ఎండలో కాలిన ఇనుము. దాని మీద ఎవరో నీళ్ళు చల్లారు. పక్కన సమోసా నూనె, మూడు రోజులది. బత్తాయి తొక్క... ఎవరో ఇప్పుడే వలిచారు. మీ ఆవిడ తల్లో సంపెంగ నూనె."

ఆవిడ సిగ్గుపడి ముఖం తిప్పుకుంది. ఆయన నోరు తెరిచి, చప్పుడు లేకుండా నవ్వారు. రైలు కదిలింది. ఆయన పక్కనే నడుస్తూ ఏదో అన్నారు. చక్రాల మోతలో యంత్రం గొంతు వినపడలేదు. పెదాలు చూస్తే తెలిసింది: "ఇంకా."

బోగీలో అందరూ నన్నే చూస్తున్నారు. నేను ఊచలకి ముఖం ఆనించి, ప్లాట్‌ఫారం అయిపోయేదాకా ముక్కుకి తగిలిన వాసనల్లా అరిచి చెబుతూనే ఉన్నాను.